గయాళు పూలు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే జిల్లా పేజీలో ఒక మూల ‘గయాళు’ అనే మాట కనబడి, గ్లాసు చేతిలో అట్లాగే ఉండిపోయింది. నగరి వైపు గయాళు భూములన్నీ ఒకచోట చేర్చి కంపెనీలకు ఇస్తారట, పనికిరాని నేలకు ఇన్నాళ్లకు మంచి రోజులు వచ్చాయట, అందులో మా ఊరి పేరు కూడా ఉంది. నా ఈడు వాళ్లకు, అందునా మా చిత్తూరు జిల్లా వాళ్లకు, ఆ మాట చెప్పనక్కర్లేదు. దున్నక, విత్తక, ఎవరి పేరునా లేకుండా పడివున్న బీడును రెవిన్యూ వాళ్లు గయాళు అంటారు. చెప్పనక్కర్లేదంటూనే చెప్పాను చూడండి, తిరుపతి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి చేసి ప్రతి మాత్ర గురించీ రెండుసార్లు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆ మాటకు ఆ అర్థం ఉందని ఒక్కరికీ తెలియదు. ఊరికి పడమర గుట్ట కింద, ఆడి నెలలో, అంటే ఆషాఢం అటూ ఇటూగా, రెండు వానలు పడగానే పచ్చగా లేచి, కార్తీకం వచ్చేసరికి తెల్లటి తుమ్మిపూలు, పసుపు ముద్దల్లాంటి తంగేడు, నేల మీద నీలంగా విష్ణుక్రాంతం, మధ్యమధ్యలో గులాబి రంగు గునుగు విచ్చుకునే ఆ చోటికి మా తాతల నాటి నుంచి పేరు గయాళు, అంతే. అక్కడ పూసేవి గయాళు పూలు. ఎవరింట్లోనైనా ఆడపిల్ల కళకళలాడుతుంటే గయాళు మాదిరిగా ఉండాదని మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెనకే ఏడుపూ వస్తుంది.

గయాళు మా పెద్దమ్మది. కాగితం మీద కాదు, రోజూ అందులో తిరిగిన కాళ్ల మీద. మా నాయన అన్నను కట్టుకుని వచ్చి, ఏడాది తిరక్కుండానే ఆయన పోతే, పిల్లాజెల్లా లేక మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. తను పూలు పెట్టుకోకూడదు గానీ కోయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి, తెల్లవారకముందే గంప చంకన పెట్టుకుని పోయి తుమ్మిపూలు కోసి, నగరి బస్సెక్కి శివాలయం ముందు కూర్చుని అమ్ముకొచ్చేది. ఆడికృత్తిక పండగకు కావళ్లు మోసే వాళ్లు కూడా అప్పుడే తొలిగా పూసే తంగేడు కోసం ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ వచ్చిన దాంతోనే ఆకూవక్కా, చీరా, నాకు పలకా బలపం. మా అమ్మను గానీ నాయనను గానీ చేయి చాచి అడిగే పని లేకుండా, ఒకరింట్లో తలెత్తుకుని తిరగడానికి ఆమెకు ఉన్న ఒకే ఒక దారి ఆ గయాళు.

ఒక కార్తీకంలో రెవిన్యూ ఇన్‌స్పెక్టరు మా ఊరికి జీపులో దిగాడు. భూమిలేని పేదలకు సర్కారు భూములు పంచే చట్టం వచ్చిందని చెప్పుకుంటున్న రోజులవి, అది మంచి చట్టమే, కాదని నేను అనను. ఆయన గుట్ట కింద నిలబడి, పూలు కోస్తున్న పెద్దమ్మను పిలిచి, ఏమమ్మా ఇదంతా గయాళేనా అని అడిగాడు. అంత పెద్ద ఆఫీసరుకు తన చోటు పేరు తెలిసినందుకు ఆమె ముఖం వెలిగిపోయింది. "ఔను సామీ, గయాళే! ఈ కొసన్నుంచి ఆ కొస దాకా గయాళే! మావాళ్లు ఎవురినైనా అడగండి" అని చెయ్యి ఊపి మరీ చూపించింది. ఆయన రాసుకున్నాడు. పక్కనే గంప పట్టుకుని నిలబడ్డ నాకు కూడా గొప్పగానే అనిపించింది.

ఆ నేల అంతా పనికిరానిదని ఆమె నోటితోనే చెప్పించుకుని పోయాక తెలిసింది, సాగు చేసి చూపించిన వాళ్లకే పట్టా ఇస్తారని. మా నాయనకు పొలం ఉంది గనుక ఆయనకు రాదు, దిక్కులేని పెద్దమ్మ పేరు మీద అయితే వస్తుంది. మా నాయన దుర్మార్గుడని రాయలేను, మంచివాడని రాయడానికి మాత్రం మనసొప్పడం లేదు. తంగేడు మోళ్లను గడ్డపారతో పెళ్లగించి కుప్పవేసి కాల్చాడు. తుమ్మి ఉన్న ఒక చిన్న చెక్క నేల మాత్రం మిగిల్చి, తనిఖీకి వచ్చే రోజున పెద్దమ్మ చేతికి పార ఇచ్చి, వాళ్లు చూస్తుండగా నువ్వే పెరికేయాలన్నాడు. "ఒక్క సోమారం ఆగు నాయనా, పూలు ఇరగబూసి ఉండాయి" అని ఆమె బతిమాలింది. "పూలు తింటామా వొదినా?" అన్నాడాయన. తిన్నాం. ఆ ముందటేడు కరువులో ఇంటిల్లిపాదీ ఆ తుమ్మికూరే తిన్నాం, ఆయన కూడా ఇంకొంచెం వెయ్యమని అడిగి తిన్నాడు, ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె వంగి, వేళ్లతో సహా పెరికింది. కష్టపడే మనిషి, భేష్ అని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు.

పట్టాలు పంచిన రోజు పుత్తూరులో షామియానా వేసి మీటింగు పెట్టారు. ఆడవాళ్లను వరసగా పిలిచి కాగితంతో పాటు మూరెడు కనకాంబరాలు కూడా ఇస్తున్నారు. పెద్దమ్మ వంతు వచ్చి, పంచుతున్న పెద్దమనిషి పూలు చేతిలోకి తీసుకోగానే పక్కనున్నాయన చెవిలో ఏదో చెప్పాడు, పూలు మళ్లీ పళ్లెంలోకి పోయాయి, ఉత్త కాగితం ఆమె చేతిలోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత ఆ నేలలో చెనిక్కాయ, అదే వేరుశనగ, వేశాం, నాలుగేళ్లు బాగానే కాచింది. కలుపు మందులు వచ్చాక తుమ్మి అనే మాట గట్ల మీద కూడా లేకుండా పోయింది. బోర్లు ఎండాక చెనిక్కాయా పోయింది. నేల మళ్లీ బీడు పడితే పూలు తిరిగొస్తాయని పెద్దమ్మ ప్రతి ఆడి నెలా పోయి చూసొచ్చేది. వచ్చింది వయ్యారిభామ, తాకితే ఒళ్లు పగిలే పాడు కలుపు. చుట్టూ సర్కారు తుమ్మ, మధ్యలో నడుమెత్తు వయ్యారిభామ, తెల్లతెల్లగా కళ్లు చెదిరేటట్టు.

నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తుండగా ఒక కార్తీకంలో తమ్ముడు ఆమెను మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. రెండు చేతులూ మోచేతుల దాకా పగిలి రసి కారుతున్నాయి, కళ్లు వాచి మూసుకుపోయాయి. ఒళ్లో గంప నిండా వయ్యారిభామ పూలు. శివాలయం ముందు పూజారి వాటిని కాలితో తోసేస్తే ఏరుకుని మళ్లీ గంపలో వేసుకుని వచ్చిందట. తెలిసి తెలిసి ఎందుకు కోశావని అరిచాను, ఆమె మీద నేను ఎప్పుడూ అరవలేదు. మందు పూయించుకుంటూ, "తెల్లగా ఉండాయి గదమ్మే. ఆయనకు కండ్లు మూడైతేనేమి, వొయసు మీరలేదా? కనిపెట్టడులే అనుకొంటి" అని నవ్వింది.

ఆ పుండ్లు మానినా ప్రతి ఏడూ తిరగబెట్టి, వేళ్ల మీద చర్మం నున్నగా అరిగిపోయింది. సర్కారు ఇచ్చిన భూమి అమ్మకూడదనే పాత షరతు ఈ మధ్య ఎత్తేశారు కదా, ఆ వెంటనే తమ్ముడు కంపెనీల తరఫు వాళ్లతో బేరం కుదుర్చుకుని, నడవలేని మనిషిని కుర్చీలో మోయించి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయాడు. మిషను ఆమె వేలిముద్రను పట్టుకోలేదు. తుడిచి ఒకసారి, తడిపి ఒకసారి, బొటనవేలు, చూపుడువేలు, గుమాస్తా విసుక్కుంటూ ఒక్కో వేలూ అదిమి చూశాడు. చివరికి కంటిపాప ఫొటో తీసి పని కానిచ్చారు. "నేను నేనేనని ఆ పెట్టి నమ్మలేదే" అని నాతో ఫోనులో చెప్పుకుంది. ఆ ఏడే పోయింది. పాడె మీదికి చామంతులు బజారునుంచి తెచ్చారు.

పేపరు చూశాక ఉండబట్టలేక ఆ పూటే బస్సెక్కి పోయాను. కంచె దగ్గర సర్వేయరు ఒకాయన మూడుకాళ్ల మిషను పెట్టుకుని కొలుస్తున్నాడు. మర్యాదస్తుడే, ఎండలో నిలబడ్డానని గొడుగు ఇచ్చాడు. మీది ఈ ఊరేనా అమ్మా, ఇదంతా గయాళేనా అని అడిగాడు. చూశాను, ఈ కొసన్నుంచి ఆ కొస దాకా. ఒక్క తుమ్మిపువ్వు లేదు, తంగేడు మోడు కూడా లేదు, వయ్యారిభామ గాలికి ఊగుతోంది. మా పెద్దమ్మ ఆ రోజు చెప్పింది అబద్ధం, పాపం ఆమెకు తెలియదు. సర్కారు వాళ్లు కాగితం మీద రాసుకున్న మాట నిజం కావడానికి ఒక మనిషి బతుకంత కాలం పట్టింది.

"ఔను నాయనా, ఇప్పుడు గయాళే" అన్నాను. ఆయన రాసుకున్నాడు.