సగం ఇంటికి ఇన్సూరెన్సు

మా ఇల్లు కాలినప్పుడు కాలవలో నీళ్ళు లేవు. మామూలు రోజుల్లో అయితే గుమ్మం దిగి రోడ్డు దాటితే ఏలూరు కాలవ, వంగి బిందె ముంచుకోవడమే. కానీ అది ఎండాకాలం, బెజవాడలో కాలవలు కట్టేసి పూడిక తీసే రోజులు. వీధి వీధంతా, పాపం, బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వచ్చి ఏం చేస్తుంది? మున్సిపాలిటీ పంపు దగ్గర వరసలో నిలబడింది. ఆ పంపు దారంలా కారుతోంది. ఆ పంపు మీద నాకు ఇప్పటికీ కోపమే. డెబ్భైల్లో సంగతి ఇది. నేనింకా డిగ్రీ చదువుతున్నాను, నా కోపం మాత్రం అప్పటికే ఎమ్మే పాసైంది.

మంట వంటింటి అటక మీద మొదలైంది. అటక నిండా పిడకలు, కొబ్బరి మట్టలు, పాత పరుపుల దూది. కింద కట్టెల పొయ్యి. నిప్పురవ్వ ఎప్పుడు ఎగిరిందో ఎవరం చూడలేదు. అమ్మ వీధి వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఫైరింజను వచ్చేసరికి వంటిల్లు, హాలు, వీధి గది, మూడింటి పైకప్పూ దూలాలతో సహా కూలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. చెక్కుచెదరకుండా మిగిలినవి పెరటి వైపు రెండు గదులూ, వాటి ముందు వరండా. అవి అత్తయ్యవి.

అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. కంకిపాడు దగ్గర పల్లెలో కాపురం. పిల్లల్లేరు. మామయ్య పోయాక తన వాటా పొలం అమ్మేసి, ఆ డబ్బుతో మా పెరట్లో రెండు గదులు దర్జాగా వేయించుకుని వచ్చేసింది. మా అక్క మా ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ ఉంటుందని నాన్న వీధంతా చెప్పుకున్నారు. కొన్నేళ్ళు అందరం ఒకే వంటింట్లో తిన్నాం. తర్వాత ఒక రోజు, హనుమాన్ జంక్షన్ నుంచి చుట్టాలొచ్చి విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, అత్తయ్య అమ్మ కాచిన పప్పుచారు రుచి చూసి, ఏమీ అనకుండా ఒక బెల్లం ముక్క అందులో పడేసింది. అంతే. చుట్టాలు వెళ్ళేదాకా అమ్మ పళ్ళ బిగువున ఓర్చుకుంది. వాళ్ళటు వీధి మలుపు తిరిగారో లేదో, నా వంట అంత చేదుగా ఉంటే మీ పొయ్యి మీరు పెట్టుకోండి వదినా అనేసింది. అత్తయ్య తక్కువ తిందా? మర్నాడే ఒక కిరసనాయిలు స్టవ్వు కొని తన వరండాలో పెట్టుకుంది.

మా వైపు అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే ఎవరూ నోరెత్తరు. పొయ్యి వేరు పడిందంటే మాత్రం పరువు పోయినట్టే. అందుకని నాన్న ఈ సంగతి గడప దాటనివ్వలేదు. చుట్టాలొచ్చినప్పుడల్లా అత్తయ్య తను వండుకున్న కూర తెచ్చి మా వంటింట్లో పెట్టేది, అమ్మ అందరికీ వడ్డించేది, ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోగానే ఎవరి గిన్నెలు వాళ్ళవి. నాకు ఒళ్ళు మండేది.

ఇక ఇన్సూరెన్సు సంగతి. నాన్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ముందు భాగం కట్టేటప్పుడు సొసైటీలో అప్పు తీసుకుంటే, ఇంటికి అగ్ని బీమా ఉండి తీరాలన్నారు వాళ్ళు. అలా మొదలైంది. అప్పు తీరాక కూడా నాన్న ప్రీమియం కడుతూనే వచ్చారు. అత్తయ్య గదులు లేచాక ఏజెంటు గారు వచ్చి, ఇంటి విలువ పెరిగింది కదండీ, పాలసీ కూడా పెంచుకోండి అని మంచిమాటగానే చెప్పారు. నాన్న నవ్వి, కాఫీ ఇచ్చి పంపించేశారు. అసలు కారణం ఇంటి పన్ను. మా వీధిలో పెరట్లో ఎవరు ఏం కట్టుకున్నా బిల్లు కలెక్టరుతో పశువుల పాకండీ అనే చెప్పేవాళ్ళు. ఇంట్లో పిల్లి కూడా లేనివాళ్ళు సైతం అదే మాట. నాన్నా అదే చెప్పారు. ఒక ఆఫీసులో పాక అని చెప్పి ఇంకో ఆఫీసులో రెండు పక్కా గదులని రాయిస్తే, ఏ కాగితం ఎటు తిరిగి ఎవరి బల్ల మీదకి వస్తుందోనని ఆయన భయం.

దాంతో ఇల్లు మొత్తం ఎంత చేస్తుందో అందులో ఇంచుమించు సగానికే మాకు పాలసీ ఉంది. ఆ సంగతి నాన్నకి తెలుసు. తెలిసీ నిశ్చింతగా ఉన్నారు. సగానికి రాయించాం, సగమే కాలింది, చెల్లుకు చెల్లు, ఇందులో బెంగ పడాల్సిందేముంది అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. ఎవరికి తోచదు?

ఇంకా పొగ వాసన పోకముందే పక్కింటి బట్టల కొట్టు షావుకారు వచ్చాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మా వీధి గదీ వరండా తనకిచ్చేస్తే కొట్టు పెద్దది చేసుకుంటాడట, మంచి ధర ఇస్తాడట. నాన్న కాదనలేదు, అవుననలేదు. ఇన్సూరెన్సు డబ్బు పూర్తిగా వస్తే వానలు పడేలోపు కప్పు లేపేస్తాం. రాకపోతే షావుకారుకి ఇవ్వడం తప్ప దారి లేదు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిందే. అమ్మ మాత్రం అతను వినేటట్టుగానే, నేను ప్రాణంతో ఉండగా నా వీధి వాకిలి ఎవరికీ ఇవ్వను అంది. ఆ వీధి గది అమ్మ గాజులు అమ్మితే లేచిన గది. సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసుకుని కాలవ వైపు చూస్తూ కూర్చోవడమే ఆవిడకున్న ఒకే ఒక్క విలాసం.

నిప్పు ఆరిన సాయంత్రం నుంచే మేమంతా అత్తయ్య గదుల్లోకి మారిపోయాం. మసి పట్టిన మొహాలతో వరండాలో కూలబడి ఉంటే అత్తయ్య లోపల్నుంచి, అన్నం పెట్టాను రండి అంది. ఇంకొక్క మాట అనలేదు. ఆ ఒక్క స్టవ్వు మీద అందరికీ రెండు పూటలా వండేది. అమ్మ సాయానికి లేస్తే, నువ్వు కూర్చో, దడుచుకుని ఉన్నావు అనేది. అమ్మ తల దించుకుని తినేది. ఎత్తిపొడుపు ఒక్కటి వినబడినా అమ్మకి సులువుగా ఉండేదేమో. అత్తయ్య అదీ దక్కనివ్వలేదు.

కాలవలకి మళ్ళీ నీళ్ళు వదిలే రోజులు దగ్గర పడుతుండగా, నష్టం లెక్క కట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. బూడిదలో దిగి గోడలు కొలిచాడు, కాలిన దూలాల్ని గోటితో గీకి చూశాడు, పెరటి గదులూ కొలిచాడు. వాటినెందుకు కొలుస్తున్నాడో మాకర్థం కాలేదు. అవి కాలలేదుగా! చివరికి అత్తయ్య వరండాలో కూర్చున్నాక నాన్న తన చెల్లుకు చెల్లు సిద్ధాంతం విప్పారు. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"మీరు ఏ సగానికి రాయించారో నిప్పుకి తెలీదు కదండీ," అన్నాడు.

తర్వాత విడమరిచి చెప్పాడు. పాలసీ ఇల్లు మొత్తానికి. ఇంటి విలువలో సగానికే రాయించుకుంటే, ఏ మూల ఏది కాలినా నష్టంలో సగమే కంపెనీ ఇస్తుంది. మిగతా సగం ఇంటివాళ్ళు తమ నెత్తిన వేసుకున్నట్టే లెక్క. తలుపు కాలితే సగం తలుపు, దూలం కాలితే సగం దూలం. నేను ఆగలేక, సగం దూలం మీద కప్పు ఎట్లా నిలబడుతుందండీ అని అడిగేశాను. నాన్న నా వైపు ఉరిమి చూశారు. సర్వేయరు మాత్రం కోపగించుకోలేదు, నిలబడదమ్మా అన్నాడు.

అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూసి జాలేసిందో ఏమో, ఆయన పెరటి గదుల వైపు చూపించి, అవి ఎవరివి అని అడిగాడు. మా అక్కగారివి అన్నారు నాన్న. ఎవరి డబ్బుతో కట్టారు? ఆవిడ డబ్బుతోనే. వంట కూడా వేరేనా? వేరు సంసారమే అయితే ఆ గదుల్ని ఈ లెక్కలోంచి తీసెయ్యొచ్చు, అప్పుడు ముందు భాగానికి మీ పాలసీ దాదాపు సరిపోతుంది, మీ కప్పు మీకు లేస్తుంది అన్నాడు. వేరు పొయ్యి అని ఒక్క మాట చెబితే చాలు, రాసుకుంటాను అన్నాడు.

నాన్న నేలకేసి చూస్తూ ఉండిపోయారు. అవునంటే తోడబుట్టినదాన్ని నలుగురిలో వేరు పెట్టినట్టు, కాదంటే ఇల్లు పోగొట్టుకున్నట్టు. అత్తయ్య అక్కడే స్టవ్వు దగ్గర ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"వేరేనండీ. నా వంట నేనే చేసుకుంటున్నాను, చాలా కాలం నుంచి."

ఆ గొంతులో కోపం లేదు, దెప్పు లేదు. పైగా అది పచ్చి నిజం. నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇల్లు దక్కింది అనుకున్నాను. సర్వేయరు కలం మూత తీసి, పొయ్యి సంగతి కాబట్టి ఇల్లాలినీ ఒక మాట అడగాలనుకున్నాడేమో, మీరేమంటారమ్మా అని అమ్మ వైపు తిరిగాడు.

అమ్మ నోరు తెరిచింది. అత్తయ్య వైపు చూసింది.

"మా వదినగారికి కోపమొస్తే అట్లాగే అంటారండీ," అంది. "మా ఇంట్లో ఒకటే పొయ్యి."

ఆయన తొందరపడలేదు. ఆలోచించుకుని చెప్పండమ్మా, మళ్ళీ మార్చడానికి కుదరదు అన్నాడు. ఆలోచించడానికేముందండీ అని అమ్మ మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళింది. అత్తయ్య అక్కడే నిలబడిపోయింది. నాన్న తల ఎత్తలేదు.

నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చుట్టాల ముందు ఆడే పాత నాటకమే అమ్మ సర్వేయరు ముందూ ఆడిందనుకున్నాను. పరువట! కప్పు లేని ఇంటికి పరువొకటి. పరువు కప్పుకుని పడుకుంటామా వానొస్తే? అమ్మతో మాట్లాడటం మానేశాను. ఏమిటే మూతి ముడుపు అని అమ్మా అడగలేదు.

అనుకున్నట్టే సగం డబ్బు వచ్చింది. తొలకరి లోపు హాలు మీద కప్పు మాత్రం పడింది. వంటింటికి మొండి గోడలే మిగిలాయి, దాని మీద పెట్టడానికి డబ్బు మిగల్లేదు. వీధి గదీ వరండా షావుకారుకి వెళ్ళిపోయాయి. మేం పక్క సందులోంచి రావడం పోవడం అలవాటు చేసుకున్నాం. వంట అత్తయ్య వరండాలోనే సాగింది.

షావుకారు మా వరండాకి చెక్క తలుపులు బిగించి కొట్టు బోర్డు కొట్టిస్తున్న రోజు, ఆ సుత్తి దెబ్బలు వింటూ అమ్మ పెరట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనింక పట్టలేకపోయాను. ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఇవాళ నీ వాకిట్లో నువ్వు కూర్చునేదానివి కదా అని అరిచాను. అబద్ధం చెప్పమని ఎవరైనా అడిగారా నిన్ను అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

అమ్మ గింజలు తీయడం ఆపలేదు.

"నిజం చెప్పాలనే నోరు తెరిచానే," అంది. "వేరు పెట్టుకోమన్నది నేను. ఆ మాట ఆవిడ తన నోటితో ఒప్పుకుంది, ఎవరో మనిషి ముందు, నా ఇల్లు నిలబెట్టడం కోసం. అట్లా వచ్చిన కప్పు కింద నాకు నిద్ర పడుతుందటే?"

అమ్మ చింతపండు పళ్ళెం ఎత్తుకుని, కొట్టు వైపు చూడకుండా అత్తయ్య వరండాలోకి వెళ్ళి, వదినా, ఇవాళ కూరేం చేద్దాం అని అడిగింది.