మా నాయనమ్మ ఆపేసిన పాలబువ్వ

నా చిన్నప్పుడు వరంగల్లులో మా కిరాణా దుకాణం మెట్ల మీద ఒక కుక్క పడుకునేది. దాన్ని మేము పెంచుకున్నదీ లేదు, తరిమిందీ లేదు. ఎవరూ దానికి పేరు పెట్టలేదు. మా నాయనమ్మ మాత్రం 'బిడ్డా' అని పిలిచేది. పొద్దున పాలు కాగగానే, ఇంట్లో ఎవరి గ్లాసులోనూ పొయ్యకముందే, తొలి గరిటెడు పాలు అన్నంలో కలిపి దాని ముందు పెట్టేది.

అది ఆమె మొక్కు. మా చిన్నాన్న పసివాడుగా ఉన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి అందరూ ఆశ వదులుకున్నారట. పిల్లాడు దక్కితే తన ఒంట్లో ఊపిరున్నంత కాలం భైరవుడి పేరున కుక్కకు పాలబువ్వ పెడతానని ఆమె మొక్కుకుంది. చిన్నాన్న దక్కాడు, పెరిగి దుకాణం చూసుకుంటున్నాడు. మెట్ల మీద కుక్కలు మారాయి కానీ పాలబువ్వ మాత్రం ఆగలేదు.

ఆ ఏడు ఈ కుక్కకు దురద పట్టుకుంది. చెవుల వెనక, పొట్ట కింద వెంట్రుకలు ఊడిపోయి తోలు ఎర్రబడింది. గోకిన చోటల్లా నెత్తురు. గోకడం ఆపితే పాదాలు నాకడం మొదలుపెట్టేది. బజారంతా గజ్జి అని తేల్చింది. నాయనమ్మ వేపాకూ పసుపూ నూరి పూసింది. లారీ మెకానిక్ దగ్గర నుంచి కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పూశారు. అది నాక్కుని వాంతులు చేసుకుంది తప్ప దురద తగ్గలేదు. సామాన్లకు వచ్చినవాళ్లు మెట్లెక్కడానికి వెనకాడసాగారు. ఒకావిడ కట్టించుకున్న చింతపండు కూడా వదిలేసి ఎదురు దుకాణానికి వెళ్లిపోయింది. చిన్నాన్న ఓపిక ఆ రోజుతో అయిపోయింది.

"అమ్మా, ఇగ నాతోని కాదు. నెక్కొండ పోయే ఖాళీ లారీ ఎక్కించి ఆడ దింపిస్త."

"ఒంటి మీద తోలు లేనిదాన్ని పరాయి ఊరి కుక్కలు బతకనిస్తయారా?"

"మరి దీన్ని గద్దె మీద కూసోబెట్టి మనం లారీ ఎక్కుదామా?"

"జర ఆగు. పశువుల దవాఖానకు తీస్కపోత. అప్పుడు నీ ఇష్టం."

పాత చీరలో చుట్టి రిక్షాలో తీసుకుపోయాం. దాని తల నా ఒడిలో ఉంది. డాక్టరు దాని తోలును మెల్లగా గీకి, ఆ పొట్టును గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశాడు.

"గజ్జి పురుగు కనపడ్తలేదమ్మా. ఏదో తిండి పడక కావచ్చు. ఏం పెడుతున్నరు దీనికి?"

"మంచిదే పెడుతాన్న సారూ. పాలబువ్వ."

"కొన్నిటికి పాలే పడవు. అది బంద్ చేసి చూడుండ్రి. మీ ఇంట్ల ఎన్నడూ వండనిది ఒకటి పెట్టాలె. జొన్న గట్క పెట్టుండ్రి. వేరే ఏదీ నోట్ల పడొద్దు, బిస్కెట్ ముక్క కూడ. తగ్గినంక మళ్ల జర పాలు పోసి చూస్తే, పాలతోనేనా కాదా అన్నది తెలుస్తది."

పుండ్లకు పూసే మందు ఇచ్చి, ఇంజన్ ఆయిల్ మళ్లీ తాకించవద్దని గట్టిగా చెప్పాడు. తిరిగి వస్తున్నంతసేపూ నాయనమ్మ దారిలో కనిపించిన ప్రతి గుడికీ దండం పెడుతూనే ఉంది. ఆమె భయం నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. కొడుకు ప్రాణానికి మారుగా మాట ఇచ్చిన మనిషి, ఆ మాట తప్పాలిప్పుడు. మరునాడు పొద్దున పాలు కాచి దేవుడి గూటి ముందు నిలబడింది. "మొక్కు నాది, దురద దానిది. కోపమొస్తె నా మీద తీర్చుకో, వాని మీద కాదు" అని చెప్పి, గట్క కోసం జొన్నపిండి ఎసట్లో కలపడానికి పోయింది. ఆ రోజుల్లో చిన్నాన్న దగ్గినా చాలు, చేతిలో పని వదిలి వచ్చి నుదురు తాకి చూసేది.

మా బజారులో శనివారం కుక్కకు ఏదో ఒకటి వేయని దుకాణం లేదు. నాయనమ్మ ఒక్కో గడపా ఎక్కి పెట్టొద్దని బతిమాలింది. కుక్క నోటికాడి బువ్వ గుంజుకుంటాందని వెనక అనుకున్నారు. బెల్లం దుకాణం ఆయన ముఖం మీదే అన్నాడు.

"అత్తా, నా శని పోనీకి బిస్కెట్ ఏస్తాన్న. నువ్వద్దంటే అది నీకే సుట్టుకుంటది మరి."

"సుట్టుకోనియ్యి కొడుకా. ముసల్దాన్ని, ఎన్నొద్దులు మోస్త?"

మొదట కుక్క గట్క ముట్టలేదు. పాలు కాగే వేళకు గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి చూసేది. ఆ వేళకు నాయనమ్మ పొయ్యి దగ్గర పని మా అమ్మకు అప్పగించి, వచ్చి మెట్ల మీద దాని పక్కన కూర్చునేది. పాలు మానేసింది కానీ ఆ పొద్దుటి పూట దాన్ని వదల్లేదు. ఆకలికి ఓడి అది గట్క తినే దాకా వీపు మీద చెయ్యి వేసి ఉండేది.

దురద మెల్లగా సద్దుమణిగింది. పుండ్లు మాని, పొట్ట కింద సన్నటి నూగు వచ్చింది. చిన్నాన్న లారీ మాట ఎత్తడం మానేశాడు. మళ్లీ పాలు పోసి చూస్తానని నాయనమ్మ అన్నప్పుడు అతనే వద్దన్నాడు. "తెల్వాలె గదరా" అంది ఆమె. పాలు కారణం కాకపోతే మొక్కు మళ్లీ మొదలుపెట్టవచ్చన్న ఆశ ఆమెకు ఉండిందనుకుంటాను.

కుక్క ఆ పాలను గిన్నె దొర్లేంత ఆబగా నాకింది. రెండు మూడు రోజులకే చెవి వెనక గోకడం మొదలైంది. నాయనమ్మ మెట్ల మీద దాని పక్కన కూర్చుని ఆ చెవి తిప్పి చూసింది.

"ఇన్నొద్దులు నా చేతుల్తోనేనారా?"

గల్లాపెట్టె వదిలి వచ్చి చిన్నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు. దుకాణం వేళలో అతను అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీకేం ఎరుకనే అమ్మా. మొక్కింది నా పానం కోసమే గదా. నేనే సెప్తాన్న, ఇడిసిపెట్టు. నాకేం కాదు."

మరునాటి నుంచి గట్క గిన్నె అతనే తెచ్చి పెట్టేవాడు.

తరువాత నేను పత్రికలో పనిచేశాను. దుప్పట్లు పంచడం, అన్నం పొట్లాలు పంచడం ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. ఇచ్చేవాళ్ల ముఖాల్లోని తృప్తి నిజమైనదే, దాన్ని నేనెప్పుడూ శంకించలేదు. అయినా నా చేత్తో ఎవరికైనా ఏదైనా ఇచ్చినప్పుడు వెంటనే తిరిగి పోలేను. అది వాళ్ల ఒంటికి పడిందో లేదో తెలిసేదాకా కాసేపు అక్కడే కూర్చుంటాను.