అమ్మ ఎదురొచ్చిన ఫైరింజన్

మా నాన్న కోల్‌కతాలో ఫైర్‌మన్. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గోదాములో మంటలార్పుతూ చనిపోయారు. అలా విధుల్లో పోయినవాళ్లకు ఆయన పనిచేసిన స్టేషన్‌లో ఏటా నివాళులర్పిస్తారు. కిందటేడు అమ్మతో నేనూ వెళ్లాను. తీరం వైపు తుఫాను వస్తోందని ఉదయం నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. గేటు పక్కన వేసిన షామియానా గాలికి పటపటా కొట్టుకుంటోంది.

నాన్న ఫొటోకు దండ వేసి, అందరం మౌనంగా నిలబడ్డాం. అంతలో గంట మోగింది. మెటియాబ్రుజ్‌లో ఓ ఇంటి మీద చెట్టు కూలిందట, లోపల మనుషులున్నారట. సిబ్బంది పరుగున బండెక్కేశారు.

అప్పుడు అమ్మ గేటు దగ్గరుంది. నాన్న పోయినప్పటి నుంచీ బయలుదేరేవాళ్లకు ఆవిడ ఎదురుపడదు. గబగబా స్తంభం చాటుకెళ్లి, మొహం గోడకు తిప్పుకుంది. స్టీరింగ్ ముందున్న నాన్న స్నేహితుడు అప్పన్న మామ అది చూసి బ్రేకు వేశాడు.

"అక్కా, అక్కడ దాక్కున్నావేటి? ఎదురు రా!"

"నానెదురు రాకూడదు తమ్ముడా, మీరెల్లండి."

"బావ ఈ బండి మీదే తిరిగినోడు. నువ్వెదురొస్తేనే తీస్తాను."

"దాదా, చలో!" అని వెనక నుంచి అరుపులు.

అమ్మ స్తంభం చాటు నుంచి వచ్చి బండికి ఎదురు నడిచింది. వాన మొదలైనా, అది తిరిగొచ్చేదాకా గేటు వదల్లేదు. చీకటి పడేలోగా అందరూ క్షేమంగా వచ్చారు. ఆ ఇంట్లోవాళ్లూ బతికి బయటపడ్డారు.

ఆ రోజు మౌనం సగంలోనే ఆగిపోయింది. అయినా నాన్నకు దక్కాల్సిన గౌరవం దక్కిందనే అనుకుంటాను.

తర్వాతి వారం మా అక్క కూతురు పరీక్షకు బయలుదేరుతుంటే, ఎవరూ పిలవకుండానే అమ్మ ఎదురొచ్చింది.