టానిక్కు మూతెడు నిప్పు

నేను తమ్ముడా అని పిలిచే పక్కింటి ఫిట్టరు పోయాడని ఫోను వచ్చినప్పుడు, అతని వాటా తాళం సరిగ్గా పడిందో లేదో మూడోసారి లాగి చూసి అప్పుడే లోపలికి వచ్చాను. గుండె పరీక్షలకని విజయనగరంలో కూతురింటికి వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నాడు.

"అత్తా, నాన్న నిద్దర్లోనే ఎలిపోనాడు" అంది ఆ పిల్ల.

"తాళం పడిందమ్మా, ఇప్పుడే సూసినాను" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. అతను ఎక్కే బస్సు గురించి బెంగపడ్డాను. ఆస్పత్రి మెట్ల గురించి బెంగపడ్డాను. ఇది మాత్రం అనుకోలేదు.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారి పక్క సందులో, ఒకే అరుగు, మధ్యలో ఒకే గోడ, అటొక వాటా ఇటొక వాటా. భార్య పోయి అతనొక్కడు, భర్త పోయి నేనొక్కర్తిని. నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు. నౌపడ నుంచి కొండల్లోకి వెళ్ళే చిన్న రైలు ఉండేది, మీలో పెద్దవాళ్ళు ఎక్కే ఉంటారు. ఆ రైలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో అతను ఫిట్టరు. ఆ పట్టాలు పీకి పెద్ద లైను వేసి చాలా ఏళ్ళయింది గానీ, అతను మాత్రం ఆ షెడ్డులోంచి బయటికి రాలేదు. నా పొయ్యి మీద ఉప్మా ఉడికే చప్పుడు విని గోడవతల నుంచి "నీళ్ళు సాలవప్పా" అనేవాడు. చూస్తే నిజంగానే చాలేవి కావు.

రెండేళ్ళ కిందట కూతురు అతనికి ఒక పార్సెలు పంపింది. దాన్నిండా చిన్న రైలింజను ముక్కలు. ఇత్తడి బాయిలరు, చక్రాలు, పట్టాల ముక్కలు, వేలెడేసి కడ్డీలు, ఆవగింజల్లాంటి మరలు, అన్నీ వేరువేరు పొట్లాల్లో. మనమే బిగించుకోవాలి. బిగించాక కింద స్పిరిట్టు దీపం వెలిగిస్తే, నీళ్ళు కాగి ఆ ఆవిరితో నిజంగానే నడుస్తుందట.

"నడిసేదేటి తమ్ముడా, పేలిపోదా?" అన్నాను.

"పేలదప్పా. పైన వాల్వు ఉన్నాది. ఎక్కువైన ఆవిరి ఆడనుంచి ఎలిపోతాది."

"అది పని సెయ్యకపోతే?"

"అప్పుడు నువ్వున్నావు కదేటి. అందరికంటే ముందు పరిగెట్టీసి ఊరికి సెప్తావు."

నవ్వేవాడు గానీ నా భయం ఊరికే వచ్చింది కాదు. మా ఆయన సాలూరులో లారీ డ్రైవరు. కాగిన రేడియేటరు మూత తీసి మోచేతి దాకా కాల్చుకున్నాడు. అప్పట్నుంచి సుయ్యిమంటే చాలు, నా కాళ్ళు వీధిలో ఉంటాయి.

మరలు కలిసిపోకుండా ఉండాలని నా ఇడ్లీ రేకులు అడిగి తీసుకున్నాడు. ఒక్కో గుంటలో ఒక్కో రకం. మూడు నెలలు మా ఇంట్లో ఇడ్లీ లేదు. రోజుకి ఒకటి రెండు ముక్కలకు మించి బిగించేవాడు కాదు. "బలం సూపించకూడదప్పా. ఇంక సాలని సేతికి తెలుస్తాది, ఆడ ఆపీయాల" అనేవాడు. నేను అరుగు చివర కాస్త దూరంగా కూర్చుని చూసేదాన్ని. ఆ మధ్యాహ్నాల్లో ఒక్కోసారి బెంగపడడం కూడా మరచిపోయేదాన్ని.

ఇంజను తయారయ్యింది. కూతురు ముందు వెలిగించాలని, ఆ పిల్లను తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళాడు. ఇత్తడి నిండా వేలిముద్రలు, నూనె మరకలు. కొత్త వస్తువుని మట్టితో మొదలుపెడతామా? చింతపండు నానబెట్టి తోమాను. చెంబుకి పైన తోమి లోపల వదిలేస్తామా? బాయిలరు పైమూత విప్పి, ఆ పులుపు నీళ్ళే లోపల పోసి, గిలకరించి ఒంపేశాను. బంగారంలా అయింది.

"అబ్బో, పెళ్ళికూతుర్ని సేసినావు" అన్నాడు వచ్చి. లోపల కూడా కడిగానని అతనికి తెలియదు.

వెలిగించాడు. నీళ్ళు మరిగాయి. పైన సుయ్యిమంది. నేను గేటు దగ్గరున్నాను. చక్రం మాత్రం కదల్లేదు. వేలితో తోశాడు, నాలుగంగుళాలు జారి ఆగిపోయింది. "పోన్లే నాన్నా" అని ఆ పిల్ల సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అంతా విప్పడం, మళ్ళీ బిగించడం. ఇడ్లీ రేకులు మళ్ళీ అరుగెక్కాయి. మూడు వారాలయ్యాక ఒకరోజు రెండు చేతులూ చాపి చూసుకుంటూ అన్నాడు. "షెడ్డులో కళ్ళు మూసుకుని బిగించీవోణ్ణప్పా. ఈ సేతులకి వయసైపోనాది."

గోడవతల నుంచి ఉప్మా గురించి మాట రావడం మానేసింది.

నాకు మొదటి రోజే అనుమానం తగిలింది. చెప్పాలని రోజూ వెళ్ళేదాన్ని. చెప్పకుండా పెసరట్టు ఇచ్చి వచ్చేదాన్ని. చెబితే అతను నాతో మాట్లాడడం మానేస్తాడేమోనని. ఆ అరుగు మీద అతనొక్కడే నాతో మాట్లాడే మనిషి. నా భయం నాదని, ఒక మనిషి తన చేతుల్నే నమ్మకుండా పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒక మధ్యాహ్నం "అప్పా!" అని కేక. పరిగెత్తాను. అతని చేతిలో సూది. సూది మొన మీద నల్లటి పీచు. ఆవిరి వెళ్ళే సన్నటి గొట్టంలో అడ్డుపడి ఉందట. వాసన చూసి నా వైపు తిరిగాడు.

"ఇంజినుకి పులుసెట్టినావేటి?"

ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. అరుగు మీద కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "అయితే నా సేతులు బాగానే ఉన్నాయన్నమాట! బాగానే ఉన్నాయప్పా!"

తరవాత అడిగాడు. "ముందే సెప్పీడానికేటి?"

"మాటాడవేమోనని."

"నువ్వు మాటాడనిస్తే కదేటి."

మర్నాడు సాలూరు అలవాటు కొద్దీ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయ పట్టుకెళ్ళాను. కాయ ఇంజను చక్రం కంటే పెద్దగా ఉంది. అతను దాన్ని కోసి, ఒక గింజ తీసి పట్టా మీద పెట్టాడు. ఇంజను గింజ దగ్గర కాసేపు ఆలోచించినట్టు ఆగి, దాన్ని తోసేసి వెళ్ళింది. అరుగు మీద వేసిన గుండ్రటి పట్టాల చుట్టూ చుక్ చుక్‌మంటూ తిరుగుతుంటే, నేను గేటు దగ్గర నుంచి స్తంభం దాకా, స్తంభం దగ్గర నుంచి చాప దాకా వచ్చాను.

నా కోసం అతను ఒక కొలత కూడా తయారుచేశాడు. టానిక్కు సీసా మూత లోపల ఆకురాయితో గీత గీశాడు. "స్పిరిట్టు ఈ గీత దాటకూడదు. నిప్పు ముందైపోవాల, నీళ్ళు మిగలాల. నీళ్ళు ఎండిపోయినాక నిప్పుంటేనే గండం. నీ బెంగంతా కొలిసి ఇందల ఎట్టీసినాను, ఇంక నిద్రపో."

తరవాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇంజను నడిచేది. "ఒక్కపాలి నువ్వు ముట్టించు" అనేవాడు ప్రతిసారీ. "నానా? అమ్మో. వచ్చే ఆదివారం సూద్దాం" అనేదాన్ని. విజయనగరం వెళ్ళే ముందు ఆదివారం కూడా అదే అన్నాను.

కర్మలు అయ్యాక ఆ పిల్ల వచ్చి వాటా ఖాళీ చేసింది. ఇంజను పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టింది. "షోకేసులో ఎడితే నాన్న ఒప్పుకోడు. నువ్వే నడపాల అత్తా." నా ఇడ్లీ రేకులు కూడా ఇచ్చింది. ఒక గుంటలో ఒక మర ఇంకా ఉంది. తీయలేదు.

మొన్న ఆదివారం అరుగు మీద పట్టాలు పరిచాను. నీళ్ళు పోశాను. స్పిరిట్టు మూతలో గీత దాకా పోసి, తిరిగి సీసాలోకి ఒంపి, మళ్ళీ కొలిచి దీపంలో పోశాను. రెండు అగ్గిపుల్లలు చేతిలోనే ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. సుయ్యిమనగానే నా కాళ్ళు గేటు దగ్గరికి వెళ్ళిపోయాయి. వెనక నుంచి నవ్వు వినబడలేదు. ఎవరూ నవ్వకపోతే గేటు దగ్గర నిలబడడం కూడా ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చి, అతను తోసినట్టే వేలితో మెల్లగా తోశాను. కదిలింది. గోడకి దగ్గరగా వచ్చినప్పుడల్లా దాని చప్పుడు అవతలి ఖాళీ వాటాలో కూడా వినిపించేది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. దీపం ఆరాక మెల్లగా నడిచి, అతను కూర్చునే వైపు ఆగింది.

చెంగు మడతపెట్టి దాన్ని ఎత్తుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది. చల్లారేదాకా ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర పట్టుకుని కదిపి చూశాను.

లోపల నీళ్ళు మిగిలే ఉన్నాయి.