నా తల మీద వేయించిన ఒట్టు

ఇది ముందే రాయకపోవటానికి మొదటి కారణం, నాకు రాయటం రాకపోవటం. యాభై దాటాక, పొదుపు సంఘం ఆడవాళ్లకి పెట్టిన సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా చాలా రోజులు దీని జోలికి పోలేదు. ఇందులో సగం నా మాట కాదు, మా ఆయన మాట. ఒకసారి ఆయన మాటని నేను బయటికి మోసుకెళ్లాను. దాని ఫలితం ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందుకని ఈసారి అడిగాను.

"నీ సంగతి రాసుకుంటానయ్యా" అన్నాను.

ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే నన్ను చూసి, "రాసుకో. నాకు మాత్రం చదివి వినిపించమాక" అన్నాడు.

మా ఆయన దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడుపుతాడు. ఇరవై ఏళ్ల పైనే అదే పని. పేల్చిన రాయిని గుంతలోంచి పైకి తేవటం, ఖాళీ బండితో మళ్లీ కిందికి దిగటం. ఎప్పుడూ పెద్ద మాటకారి కాదు. పెళ్లిచూపుల్లో కూడా వాళ్ల అన్నే మాట్లాడాడు.

మూడేళ్ల పైమాట. దసరా వెళ్లిన తర్వాత ఒకరోజు బండిలో ఉండగానే ఆయనకి గుండె దడ పట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి, చెమటలు పోశాయి, ఊపిరి ఆడలేదు. బండి పక్కకి ఆపి, దిగి, నేల మీద కూర్చుండిపోయాడట. తోటి డ్రైవర్లు గుండెపోటనుకుని పిడుగురాళ్ల తీసుకుపోయారు. అక్కడ పరీక్షలు చేసి గుండె బాగానే ఉందన్నారు. పది రోజులకి మళ్లీ వచ్చింది. గుంటూరులో చూపించాం. అక్కడా బాగానే ఉందన్నారు. మూడోసారి వచ్చేసరికి ఊళ్లో మాట మారింది.

"ఏందే, డ్యూటీ ఎగ్గొట్టటానికి మీ ఆయన భలే జబ్బు కనిపెట్టాడే! మా వాడికీ నేర్పించమను" అంది పక్కింటి అత్త.

ఆమె ఎగతాళికే అంది. ఆయన అరుగు మీదే ఉన్నాడు, విన్నాడు. ఆ రోజు నుంచి అరుగు మీద కూర్చోవటం మానేశాడు. తర్వాత తిండి తగ్గింది. పెరుగన్నం కూడా సగంలో వదిలేసి చెయ్యి కడుక్కునేవాడు. నేను నిద్ర లేచేసరికే లేచి, గోడకి ఆనుకుని కూర్చుని ఉండేవాడు.

"ఏమయిందయ్యా?"

"ఏం లేదే."

రెండు నెలలు ఆ ఒక్క మాటతోనే గడిచాయి. చివరికి గుంటూరు డాక్టరే నరసరావుపేటలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లమని చీటీ రాసిచ్చాడు. మనసు డాక్టరంటే మా ఊళ్లో పిచ్చి డాక్టరని అర్థం. అందుకని చుట్టాల ఇంట్లో ఓణీల ఫంక్షనని అందరికీ చెప్పి, నేను పట్టుచీర కట్టుకుని, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాం. ఆసుపత్రి వరండాలో పట్టుచీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

డాక్టరు మాత్రలు రాశాడు. తను చెప్పేదాకా బండి ఎక్కొద్దన్నాడు. మాత్రలు ఒక్కటే చాలవు, మాట్లాడటం కూడా కావాలని పక్క గదిలోకి పంపాడు. అక్కడ మా అమ్మాయి వయసు పిల్ల ఉంది. కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఆ పిల్లే.

"కూర్చోండి బాబాయ్ గారూ. నిద్ర పడుతోందా?"

"లేదమ్మా, నిద్రే లేదు" అన్నాను నేను.

"ఎప్పట్నుంచి?"

"దసరా నించి."

"భయం వచ్చినప్పుడు ఏమనిపిస్తుంది బాబాయ్ గారూ?"

"చచ్చిపోతానేమో అనిపిస్తదంటమ్మా. చేతులు కూడా..."

ఆ పిల్ల నవ్వింది. "పిన్నిగారూ, బాబాయ్ గారికి ఆకలేసినా మీరే చెప్పేట్టున్నారు. కాసేపు బయట కూర్చుంటారా?"

మా వైపు ఆసుపత్రుల్లో అంతే. మగాడు గుంజలా కూర్చుంటాడు, ఆడది చెబుతుంది. ఆయన నోరు నేనే అనుకుంటూ ముప్పై ఏళ్లు బతికాను. నేను బయటికి రాగానే తలుపు వేశారు. ముప్పావు గంట తియ్యలేదు. ఆయన దగ్గర ముప్పావు గంటకి సరిపడా మాటలున్నాయా అని నాకు ఆశ్చర్యం.

తిరుగు బస్సులో అడిగాను. "ఏం చెప్పావయ్యా?"

"ఏం లేదే."

"ఏం లేకుండానే అంతసేపా?"

"ఆ పిల్ల అడిగింది, చెప్పాను."

"అదే, ఏం చెప్పావని?"

"టికెట్లు తీసుకున్నావా లేదా నువ్వు?"

రెండు వారాలకోసారి వెళ్లాం. నాలుగోసారి వెళ్లొచ్చిన మర్నాడు అన్నం ముందు కూర్చుని, "గోంగూర లేదా?" అన్నాడు. దసరా తర్వాత ఆయన నోరు తెరిచి తినటానికి ఏదైనా అడగటం అదే మొదలు. నేను వెంటనే చేలోకి పరిగెత్తాను. దడ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. కానీ వచ్చినప్పుడు ఇదివరకటిలా కంగారు పడి లేచి తిరిగేవాడు కాదు. ఉన్నచోటే కూర్చుని, "వచ్చింది. పోద్దిలే" అనేవాడు. దాన్ని అలా కూర్చుని చూస్తూ ఉండమని మేడమ్ చెప్పిందట. కాసేపటికి నిజంగానే పోయేది.

నాకు సంతోషమే, కడుపుమంట కూడా. ముప్పై ఏళ్లు వండిపెట్టిన నాకు చెప్పనిది, నిన్న కాక మొన్న చూసిన పిల్లకి చెబుతాడా? ఒకరోజు ఇద్దరం కందికాయలు వలుస్తుంటే అడిగేశాను.

"నాకు చెప్తే ఏం పోయింది నీకు?"

"నీకు చెప్తే నువ్వు ఏడుస్తావు. మళ్లీ నిన్ను నేను ఊరుకోబెట్టాల. ఆ పిల్ల ఏడవదు."

"నేనూ ఏడవనులే, చెప్పు."

ఆ రోజు చెప్పలేదు. నేను వదలలేదు. వారం రోజులు అన్నం పెడుతూ, మంచం వాలుస్తూ అదే పాట. చివరికి విసిగిపోయి చెప్పాడు.

"క్వారీలో గుంత అంచున ఒక మలుపుంటది. ఆడికి పోయినప్పుడల్లా, ఇంక ఇంటికి రాకపోతే బాగుండు అనిపించేది. అదే చెప్పాను ఆ పిల్లకి. చెప్పేకొద్దీ తగ్గతా ఉంది. ఇప్పుడు రోజూ రావట్లా."

నేను ఏడవలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. కానీ 'తగ్గతా ఉంది' అన్న మాట నా చెవికి ఎక్కలేదు. 'ఇంటికి రాకపోతే బాగుండు' ఒక్కటే ఎక్కింది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే పక్క వీధిలో ఉన్న బావగారి ఇంటికి పోయాను. బావగారి ముందు నేనెప్పుడూ నోరెత్తను. తలుపు చాటున నిలబడి మా తోటికోడలికి చెప్పినట్టుగా, ఆయనకి వినబడేట్టుగా అంతా చెప్పేశాను. పెద్దవాడు, ఏదో ఒకటి చేస్తాడనుకున్నాను.

సాయంత్రమే వచ్చాడు. ఇద్దరు పినమామలని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఒరేయ్, ఏందిరా ఇది? నీకేం తక్కువైంది?" అన్నాడు మా ఆయనతో. "ఎవరో పిల్ల కాడికి పోయి ఇంట్లో మాటలు చెప్పుకుంటావా? మాటలకే రోగాలు తగ్గితే, మన టీకొట్టు కాడ కూర్చున్నోళ్లకి ఒక్కడికీ రోగం ఉండకూడదురా! నీ పెళ్లాం నెత్తిన చెయ్యి పెట్టు. ఇంకెప్పుడూ అట్టాంటి ఆలోచన రానివ్వనని ఒట్టెయ్యి."

మా ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. వద్దని నేను అనలేదు. నిజం చెప్పాలంటే నాకు కావలసింది అదే అనిపించింది. తల వంచాను. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"రానివ్వను" అన్నాడు.

"అంతే. అయిపోయింది. సోమవారం నించి డ్యూటీకి పో" అన్నాడు బావగారు. అందరికీ కాఫీ పెట్టాను. ఆ రోజు నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు ఆ నిద్ర తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆలోచన రావటం మనిషి చేతిలో ఉంటుందా? జ్వరం రానివ్వనని ఒట్టేస్తే జ్వరం ఆగుతుందా? కానీ మా వైపు ఒట్టంటే ఒట్టే. తప్పితే, ఎవరి నెత్తిన చెయ్యేశారో వాళ్లకి కీడు. అంటే ఆ రోజు నుంచి, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందని ఎవరికి చెప్పినా ఆయన నాకు కీడు చేసినట్టే. ఇదంతా నాకు అప్పుడు తట్టలేదు. ఆయనకి తట్టే ఉంటుంది. సోమవారం బండి ఎక్కాడు.

అయిదోసారి నరసరావుపేట వెళ్లినప్పుడు, లోపలికి వెళ్లిన మనిషి పది నిమిషాలకే బయటికొచ్చాడు. మేడమ్ నన్ను పిలిచింది.

"బాబాయ్ గారు బానే ఉన్నానంటున్నారు పిన్నిగారూ. చెప్పటానికేమీ లేదంటున్నారు. బండి కూడా ఎక్కుతున్నారట. ఏమైంది?"

ఒట్టు సంగతి చెప్పాను.

"మీరు భయపడి చేశారు" అంది ఆ పిల్ల. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. "ఆలోచన వస్తోందని ఆయన చెప్పినన్నాళ్లూ నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. ఇప్పుడు వస్తోందో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు."

"ఒట్టు నేను తీసేశానని చెప్తే మాట్లాడతాడా అమ్మా?"

"చెప్పి చూడండి. ఒక్కసారి చెబితే సరిపోకపోవచ్చు. ఒంటరిగా మాత్రం వదలకండి."

డాక్టరుతో మాట్లాడి, బండి పని మాన్పించమని కంపెనీకి కాగితం రాయించింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇది చూపిస్తే పిచ్చోడంటారు" అన్నాడు.

బస్సులో నేను అన్నాను. "ఆ ఒట్టు తీసి గట్టున పెట్టానయ్యా. నా తలే గదా. నాకేం కాదు. వస్తే వచ్చిందని చెప్పు."

"పెద్దోళ్ల ముందు వేశాను. నువ్వు తీస్తే పోద్దా?"

"పోద్ది."

కిటికీ వైపు తిరిగాడు.

"వస్తందా, ఆ ఆలోచన?"

"ఏం లేదే."

మళ్లీ ఆ పాత మాటే. పిడుగురాళ్లలో బస్సు మారాక కూడా రెండుసార్లు అడిగాను. అదే మాట.

ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. మా సంఘంలో ఒకామె కూతురు, కాన్పు అయ్యాక గోడ వైపు తిరిగి పడుకుని లేవటం లేదు. "మాటలతో తగ్గిద్దంటావా అక్కా?" అని ఆ తల్లి నన్ను అడిగింది. తగ్గటం నా కళ్లతో చూశానని చెప్పాను. ఆగిపోవటం కూడా చూశాను. పిల్లని తీసుకెళ్లు, లోపల ఏం చెప్పిందో అడగమాక అన్నాను. అంతకు మించి నాకు తెలీదు. మా ఆయన మాత్రలు మానలేదు. మేడమ్ దగ్గరికి ఒకసారి వెళ్తే రెండుసార్లు మానేస్తాడు. ఒకోరోజు ముద్ద తింటూ తింటూ చెయ్యి ఆపుతాడు. వచ్చిందేమో అనుకుంటాను. అడిగితే ఏమంటాడో తెలుసు కాబట్టి అడగను.

అప్పుడు, ఆ ఒట్టు తీశానన్న బస్సు దిగిన మర్నాడు పొద్దున్న ఆయన ఆరింటికే తయారయ్యాడు. క్యారేజీ చేతికిస్తూ, "ఈ రోజు వద్దులేవయ్యా" అన్నాను. "పోవాల" అన్నాడు. కంపెనీకిమ్మన్న కాగితం నిన్నటి చొక్కా జేబులోనే ఉంది. ఆయన వెళ్లిన అరగంటకి ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కాను.

క్వారీ గేటు ఎదురుగా ఒక టీ బంకు ఉంది. అక్కణ్నుంచి గుంత కనబడదు. గుంతలోంచి పైకి వచ్చే దారి కొస మాత్రం కనబడుతుంది. బంకు ముందున్న రాయి మీద కూర్చున్నాను.

"ఎవరి కోసం అక్కా?" అంది టీ కాచే ఆమె.

"మా ఆయన కోసం."

"క్యారేజీ మర్చిపోయాడా? ఇచ్చిపో, నేనిస్తాలే."

నా చేతిలో క్యారేజీ లేదు. ఆమె నా చేతుల వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా టీ పోసి పక్కన పెట్టింది.

తెల్లటి దుమ్ములో బండ్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. మా ఆయన బండి అద్దానికి పసుపు గుడ్డ కట్టి ఉంటుంది. దారి కొస మీదికి బండి తల వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. పసుపు గుడ్డ కనబడితే కూర్చున్నాను. అది రాయి దించి, నా ముందు నుంచే మళ్లీ గుంతలోకి దిగగానే, మళ్లీ దారి వైపు చూడటం మొదలుపెట్టాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అదే చేశాను.