ఆ ఏడు నేను కుట్టిన కాజాలు

మా చిన్నప్పుడు చొక్కా కాలరుకు రెండు జన్మలుండేవి... మెడ దగ్గర చిరిగితే విప్పి, తిరగేసి కుట్టించుకునేవాళ్లు. తిరువూరులో మా నాన్న కుట్టుమిషను మీద ఆ ఏడంతా అదే పని.

పత్తికి పురుగు పట్టింది, మిర్చికి ధర లేదు... కొత్త గుడ్డ పట్టుకొచ్చేవాళ్లే కరువయ్యారు. వినగడప నుంచి ఓ పెద్ద రైతు కూడా పాత ప్యాంటే తెచ్చాడు. "సాయిబూ, దీన్ని మావాడికి నిక్కరు చెయ్యి. కొత్తదాన్లా ఉండాలి మరి!" అన్నాడు.

పాతబట్ట ముట్టనని మీసం మెలేసే మా నాన్న "అలాగేనండి" అని తలూపాడు.

మా కొట్లో కాజాలు కుట్టడానికి మస్తాన్ మామ ఉండేవాడు. గుండీ దూరే చిల్లు చుట్టూ చేత్తో దారం అల్లే పని. నాన్న ఆయన్ని మానిపించేశాడు. పాపం, రెడ్డిగూడెం మామిడితోటలో కాపలాకి కుదిరాడు. మరి కాజాలు ఎవరు కుట్టాలి?

ఇంకెవరు... నేనే! అప్పుడే ఎనిమిదో తరగతి పాసయ్యాను. "ఈ ఒక్క ఏడూ సర్దుకో షమీమూ... వచ్చే జూన్‌లో మళ్లీ బళ్లో వేస్తా" అన్నాడు నాన్న. అమ్మ తలెత్తకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తమ్ముణ్ణి మాత్రం ఎవరూ సర్దుకోమనలేదు. మగపిల్లాడు కదా!

బళ్లు తెరిచారు. యూనిఫాంలు ఎవరికైనా తప్పవు కదా, అవి మాత్రం వచ్చాయి. ఓ తెల్ల చొక్కాకి నాన్న గుచ్చిన చీటీ... "పద్మ, తొమ్మిదో తరగతి". మూడేళ్లు నా పక్కన కూర్చున్న పద్మ. దాని చొక్కాకి ఐదు కాజాలు కుట్టాను... ఏడుస్తూనే కుట్టాను. అయినా ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. అదే నేను చేసిన తప్పు.

మరుసటి ఏడు పత్తి పండింది. కొత్త గుడ్డలొచ్చాయి. నేను పుస్తకాల సంచి ఉతికి దండెం మీద ఆరేసుకున్నాను. నాన్న చూశాడు. "నీ కాజా ముందు మస్తాన్ కాజా దిగదుడుపేనే! ఊరంతా మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు నువ్వు బడికి పోతే ఎలా తల్లీ?" అన్నాడు. ముద్దుగానే అన్నాడు... అంతటితో నా చదువు అయిపోయింది. మస్తాన్ మామనీ మళ్లీ పిలవలేదు.

ఈ గ్రూపులో అందరూ రాస్తుంటారు... "ఆ రోజుల్లో ఉన్నదాంట్లో సర్దుకునేవాళ్లం, ఎంత హాయి!" అని. ఒళ్లు మండిపోతుంది నాకు.

ఇప్పుడు మా తమ్ముడిది రెడీమేడ్ షాపు. బేరాల్లేవు. మొన్న ఫోన్ చేశాడు. "కొట్లో పనమ్మాయిని మానిపించేశా అక్కా. మా అమ్మాయిని ఈ ఒక్క ఏడూ కౌంటర్లో కూర్చోబెడతా. సర్దుకుంటుందిలే" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడే తొమ్మిదిలోకి వచ్చింది.

"ఏరా, నీ కొడుకు సర్దుకోడా?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

కాలర్లు ఇప్పుడెవరూ తిరగేయించుకోవట్లేదు... చిరిగితే చొక్కానే పారేస్తున్నారు. మారింది అంతవరకే.

మీరూ మీ కష్టకాలం గురించి రాయండి, చదువుతాను. కానీ "సర్దుకున్నాం" అని రాసేముందు... మీ ఇంట్లో సర్దుకున్న ఆడపిల్ల పేరు రాయండి.