పగటిపూట చెప్పించుకున్న కథ

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు మా అవ్వ చాయ్‌ని సాసర్లో పోసుకొని, ఊదుకుంటూ తాగింది. రోజూ తాగేదే. ఆమె సాసర్ కింద పెట్టేలోపు నేను ఒక మాట అడిగాను. ఆ మాట వల్ల మధ్యాహ్నానికల్లా ఒక స్కూటర్ మట్టిగుట్టల పాలైంది, మా అమ్మ ఏడ్చింది, ఏడాది పిల్లవాడి ఫోటోల ఆల్బం మా ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు దాచిపెట్టే వస్తువైంది. నేను అడిగింది ఆస్తి కాదు. "అవ్వా, ఒక కథ చెప్పవే" అన్నాను. అంతే.

అవ్వ మా అమ్మకు అమ్మ. గోదావరిఖనిలో మా క్వార్టర్‌లోనే ఉండేది. కిందటి వానాకాలంలో చనిపోయింది. ఆమె గురించి గంభీరంగా రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. రాసిందల్లా పూలదండలా ఉందని చింపేశాను. ఈ ఒక్క సంగతే చింపకుండా మిగిలింది. ఇందులో పరువు పోయేది నాది కాబట్టి కావచ్చు.

అప్పుడు నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. రాజులు, రాక్షసులు, మాట్లాడే చిలకలు ఉండే అద్భుత కథలు ఎక్కడ పుట్టాయి, వేటిని ఆ పేరుతో పిలవాలి, వాటికి అర్థం ఏమిటి, ఇదీ నా విషయం. ఇంగ్లీషులో వీటిని ఫెయిరీ టేల్స్ అంటారు. పేరులో పరీలు, అంటే రెక్కలున్న దేవకన్యలు, ఉన్నారు గానీ కథల్లో వెతికితే కనిపించరు. ఈ సంగతి అవ్వకు చెబితే, "పరీలంటే ఎవరురా, పక్క క్వార్టర్ల కొత్తగ దిగినోళ్లా?" అని అడిగింది.

ఆ ఆదివారానికి మర్నాడు పొద్దున సదస్సు. ఆ సాయంత్రమే రామగుండంలో రైలు ఎక్కాలి. వ్యాసం పూర్తయింది. కథల పుట్టుక మీద ఒక భాగం, నిర్వచనం మీద ఒక భాగం, అర్థాల మీద పెద్ద భాగం. కథే లేదు. వంట గురించి పుస్తకం రాసి బియ్యం తేవడం మరిచిపోయినవాడిలా ఉన్నాను.

ప్రయత్నించలేదని అనుకోకండి. వారం రోజులుగా రాత్రిళ్లు అవ్వ పక్కన చాప వేసుకుంటున్నాను. కథ వినేవాడు మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే అవ్వ కథ ఆపేసేది. రాజు వేటకు బయలుదేరేలోపే నా ఊఁ ఆగిపోయేది. రాక్షసుడు వచ్చేదాకా మెలకువగా ఉండలేని మనిషి రాక్షసుల మీద పరిశోధన చేస్తున్నాడు.

అందుకే పగలు అడిగాను.

"పగటీలి కథనా?" అంది అవ్వ. "మేనమామలు తొవ్వ తప్పుతరు బిడ్డా."

"దారి తప్పుడు ఒట్టి నమ్మకం అవ్వా."

"నమ్మకమే. మీ మామ నైట్ డ్యూటీ దిగి వచ్చే యాళ్ల ఇది."

మా మామ కొమురయ్య, అంటే అవ్వ కొడుకు, అమ్మ తమ్ముడు, భూగర్భ గనిలో పని చేస్తాడు. ఆ రోజు డ్యూటీ దిగి మా ఇంటికి రావాలి. అక్కడినుంచి అందరం కలిసి అక్క అత్తగారి ఊరికి పోవాలి. నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గనికి అవతల ఉంటుంది ఆ ఊరు. అక్కడి ఎల్లమ్మ గుడిలో అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు. ముహూర్తం పదకొండున్నర. పిల్లవాణ్ణి నేను ఒడిలో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర నేనే వేయాలి. అక్క నెల రోజులుగా ఇదే చెబుతోంది. "నువ్వొక్కనివే రా నాకు. సదువు గిదువు అని ఎగవెట్టకు" అని రోజూ ఫోన్.

అవ్వ సాసర్ కింద పెట్టింది. ఆమెకూ చెప్పాలనే ఉంది. వారం రోజులుగా ఒక రాజును గడప దగ్గరే నిలబెట్టి ఉంచింది మరి.

"ఒక పని చెయ్యి. కిటికీలు మూయి. తలుపు పెట్టు. బల్బు వెయ్యి."

"ఎందుకే?"

"బల్బు ఎలుగుతే రాత్రే గద."

మే నెలలో, రామగుండం పక్కన, పొద్దున తొమ్మిదిన్నరకు కిటికీలు మూయడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్లు ఇడ్లీపాత్రను తలుచుకుంటే చాలు. సందుల్లో దుప్పట్లు కుక్కాను. ఫ్యాను చప్పుడు ఫోన్ రికార్డింగులో పడుతుందని అదీ ఆపాను. బల్బు కింద ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం.

"అనగనగ ఒక రాజు" అంది అవ్వ.

"ఊఁ."

"ఆ రాజుకు ఒక్కతే బిడ్డ. ఒకనాడు ఆ పిల్ల నీడ పోయింది."

"ఊఁ. ఆ రాజుది ఏ ఊరవ్వా?"

"ఏ ఊరైతే నీకేంది? రాజు ఆధార్ కార్డు సూస్తవా?"

నిర్వచనం సరిపోయిందని మనసులో రాసుకున్నాను. ఊరు ఉండకూడదు, కాలం ఉండకూడదు. ఇంకొకటి మిగిలింది. "ఇది నిజంగ జరిగిందా?"

"జరిగితే ముచ్చట అంటరు. కథ ఎందుకంటరు? ఊఁ కొట్టు."

కొట్టాను. నీడను వెతుక్కుంటూ ఒక పేద పిల్లగాడు తాడు పట్టుకొని పాత బాయిలోకి దిగాడు. కింద చీకటి రాజ్యం. అక్కడ ఎవరికీ నీడ ఉండదు, అందుకే పైనున్నవాళ్ల నీడలు దొంగిలిస్తారు. మా దగ్గర బావినే కాదు, బొగ్గుగనిని కూడా బాయి అనే అంటారు. ఇది గని కార్మికుల కథే, ఈ నేలలోనే పుట్టింది, సదస్సులో సంచలనమే అనుకున్నాను.

"అవ్వా, ఆ బాయి అంటే బొగ్గుబాయేనా?"

"మా అమ్మమ్మ చెప్పిన కథ రా ఇది. గప్పుడు ఈడ బొగ్గుబాయిలు ఎక్కడియి?"

"మరి నీడ అంటే? మనిషి పోగొట్టుకున్న సుఖమా?"

"నీడ అంటే నీడనే. ఎండల నిలవడితే పడదా?"

పిల్లగాడు చీకటి రాజ్యం దర్వాజ తట్టాడు. సరిగ్గా అప్పుడే మా దర్వాజ దబదబ మోగింది. బయట అమ్మ.

"పట్టపగలు తలుపులు పెట్టుకొని ఏం జేస్తున్రు? ట్రాలీ ఆటో వచ్చింది. తమ్ముడు ఇంక రాలే. ఫోన్ బందున్నది."

తలుపు తీశాను. ఎండలో అవ్వ మొహం చూశాను. సాసరంత చిన్నదైపోయింది.

"నేనే తప్పించిన వాని తొవ్వ" అంది అవ్వ. "వీడు అడుగంగనే కథ చెప్పిన."

అమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. గనిలో పని చేసే మనిషి వేళకు ఇంటికి రాకపోతే మా దగ్గర ఆడవాళ్ల మనసులో మెదిలే ప్రశ్న ఒకటుంటుంది. అది పైకి అనరు. అమ్మ కూడా అనలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి.

అప్పుడు బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? బండి తీస్తాడు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "అమ్మా, ఆ నమ్మకం వెనుక ఒక అవసరం ఉంది. పగలు కథల్లో కూర్చుంటే పనులు ఆగిపోతాయని పెద్దలు అట్ల కట్టడి చేసిన్రు. మామ పేరు ఎందుకు వాడిన్రంటే, పిల్లలకు ఇష్టమైన మనిషి కాబట్టి..."

"నీ వ్యాసం తీసి పొయ్యిల పెట్టు" అంది అమ్మ. "జల్ది పో. బాయి కాడ సూడు."

వాళ్లు ట్రాలీలో గుడికి, నేను స్కూటర్ మీద గనికి. గేటు దగ్గర వాచ్‌మన్ పేపర్ చదువుకుంటున్నాడు.

"కొమురయ్య కాకనా? ఎప్పుడో పోయిండు."

"ఎటు పోయిండన్నా?"

"బయటికి."

ఇంతకంటే ఖచ్చితమైన సమాధానం చెప్పినందుకు అతనికి దండం పెట్టి, చాయ్ హోటల్ చూశాను. మామ క్వార్టర్ చూశాను. తాళం. అమ్మ ఫోన్: "దవాఖానల సూసినవా?" చూశాను. కాలు కట్టు కట్టించుకుంటున్న ఒక కొమురయ్య దొరికాడు గానీ మావాడు కాదు. అమ్మ మళ్లీ ఫోన్: "స్టేషన్ కాడ?" డ్యూటీ దిగినవాడు రైలెందుకు ఎక్కుతాడని అడగలేదు, అక్కడికీ పోయాను. ఒకచోట నిలబడితే మామకు ఏమో అవుతుందన్నట్టు ఊరంతా గిరగిరా తిరిగాను. చూస్తే పదకొండు. ఇక గుడికి పోకపోతే లాభం లేదు.

ఆ ఊరికి నాకు దారి తెలుసు. స్కూల్లో ఉండగా సైకిల్ మీద తిరిగిన దారి. ఫోన్‌లో మ్యాపు కూడా అదే చూపించింది. ధైర్యంగా పోనిచ్చాను. కొంత దూరం పోయాక రోడ్డు ఆగిపోయింది. పక్కకు తిరగలేదు, ఇరుకు కాలేదు, అక్కడితో అయిపోయింది. ముందర మట్టికట్ట, దాని అవతల ఊళ్లు పట్టేంత గొయ్యి. అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఎర్రజెండా పట్టుకొని ఒకతను నిలబడి ఉన్నాడు.

"ఎటు పోతున్నవన్నా?"

"ఎల్లమ్మ గుడికి. ఈ తొవ్వ ఏది?"

"బాయిలకు పోయింది."

"తొవ్వనా?"

"ఆఁ. పోయినేడు. గా గుట్ట సుట్టు తిరిగి పో."

"ఇక్కడ గుట్ట ఎప్పుడుండె?"

"మొన్న ఎండకాలం లేకుండె" అన్నాడు, బస్సు వచ్చి వెళ్లిందన్నంత మామూలుగా. అద్భుతాన్ని ఆశ్చర్యపోకుండా చెప్పడం ఆ కథల ముఖ్య లక్షణమని నా వ్యాసంలోనే రాసుకున్నాను. ఇక్కడ నేల మింగిన దారి, ఏడాదిలో మొలిచిన గుట్ట. చెప్పేవాడికి ఆవులింత వస్తోంది.

గుట్ట చుట్టూ తిరిగాను. అవతల ఇంకో గుట్ట. దాని పక్కన అచ్చం అలాంటిదే ఇంకొకటి. గని తవ్వి పోసిన మట్టికి ముందూ వెనకా ఉండవు. దుమ్ములో పోయి పోయి చివరకు ఒక మనిషి కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. చేతిలో ఎర్రజెండా.

"మళ్ల వచ్చినవా అన్నా?"

ఇంకోసారి వచ్చినప్పుడు ఆయన జెండా ఊపాడు. ఆ తర్వాత వదులు మట్టిలో స్కూటర్ సగం చక్రం దాకా దిగబడింది. లాగితే నేను వచ్చాను, అది రాలేదు. అప్పుడు ఫోన్ మోగింది. అక్క నంబరు. మాట్లాడింది అవ్వ.

"అవ్వా, మామ ఎక్కడ దొరకలే" అన్నాను. "అన్నీ తిరిగిన. నువ్వు ఫికర్ చెయ్యకు..."

"మీ మామ ఎప్పుడో వచ్చిండు. డ్యూటీ దిగి సక్కగ గుడికే వచ్చి అరుగు మీద పండుకున్నడు. ఫోన్ల చార్జింగ్ లేదట. పిల్లగాని మామనే ఇంక రాలే."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మేనమామ అనే మాట నా వ్యాసం నిండా ఉంది. ఎక్కడ పుట్టింది, ఏ కథల్లో వస్తుంది, దాని అర్థం ఏమిటి, అన్నీ రాశాను. ఆ మాట నన్ను కూడా అంటుందని మాత్రం నాకు తట్టలేదు.

"తొందరగ రారా" అని అక్క గొంతు వెనకనుంచి వినిపించింది. "మంగలాయన ఇంకో ఊరికి పోవాల్నట. నువ్వు లేకుంట ఎట్ల కోయించాలె?"

నేనెక్కడున్నానో చెప్పాను. అంటే చెప్పలేకపోయాను.

చివరకు దారి కనిపెట్టింది కొమురయ్య మామే. వీడియో కాల్ చేయించాడు. పిల్లవాణ్ణి తన ఒడిలో కూర్చోబెట్టుకొని, వాడి ఒడిలో నన్ను, అంటే ఫోన్‌ను పెట్టాడు. ఎవరో ముత్తయిదువ ఫోన్ అద్దానికి బొట్టు పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా ఆ ఫోన్ కెమెరా మీద పడి నాకు అటువైపు లోకమంతా ఎర్రగా అయిపోయింది. "కత్తెర మామా, కత్తెర" అని నేను అరుస్తుండగా సిగ్నల్ పోయింది.

ఆ ఆల్బం అందుకే దాచిపెడతాం. మొదటి ఫోటోలో మామ కత్తెర పట్టుకొని ఉంటాడు, పిల్లవాడు ఏడుస్తూ ఉంటాడు, వాడి చేతుల్లో నోరు తెరుచుకొని బిగుసుకుపోయిన నా మొహం ఉంటుంది. అక్క నాతో రెండు నెలలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు కూడా అంది: "ఉన్నదే ఒక్క తమ్ముడు. వాడు కూడ ఫోన్లనే ఉండె."

మర్నాడు సదస్సులో ఆ నమ్మకం గురించి చదివాను. "దీనికి ఆధారం ఏమైనా దొరికిందా?" అని ఒక పెద్దాయన అడిగారు. "నేనేనండీ" అన్నాను. నవ్వారు. వినయం అనుకున్నారు.

ఇంటికొచ్చాక అవ్వకు క్షమాపణ చెప్పబోయాను. ఆమె దగ్గర వేరే విశ్లేషణ ఉంది. "తప్పు కథది గాదు. నువ్వు వంటింటి కిటికీ సరిగ్గ మూయలే. ఎలుతురు అచ్చింది."

కాబట్టి ఇందుమూలంగా, పుట్టువెంట్రుకలు పోగొట్టుకున్న మేనల్లుడి గుండు సాక్షిగా, నా స్కూటర్ కోసం వచ్చిన క్రేన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సూర్యుడు ఆకాశంలో ఉండగా, కిటికీలు ఎన్ని మూసి ఉన్నా, బల్బులు ఎన్ని వెలుగుతున్నా, ఎవరినీ కథ చెప్పమని అడగను. అవ్వ ఉన్నంతకాలం రాత్రిళ్లే అడిగాను. నిద్ర రాకుండా నిలబడి ఊఁ కొట్టాను. నీడ పోయిన పిల్ల కథ మాత్రం ఎప్పుడడిగినా, "అది వద్దు, తొవ్వ తప్పిన కథ" అని ఇంకొకటి ఎత్తుకునేది. ఆ పిల్లగాడు దర్వాజ తట్టిన తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో పగటిపూట ఎవరూ కథలు చెప్పరు. రాత్రిపూట కూడా చెప్పరు.